సెట్: ఒక చిన్న మాట, దాని రెండు పుట్టుకలు

కురుపాం మార్కెట్‌లో నగల దుకాణం అమ్మాయి "ఈ సెట్ చూడండి మేడమ్" అని డబ్బా తెరుస్తుంది. గాజువాకలో స్లాబ్ పోసిన మేస్త్రి "ఇంకా సెట్ అవలేదు, అటు తొక్కకండి" అని అరుస్తాడు. రుషికొండ మీద ఐటీ ఆఫీసులో కుర్రాడు ప్రోగ్రామ్‌లో ఒక విలువ సెట్ చేస్తాడు. రామానాయుడు స్టూడియోలో సినిమా వాళ్లు సెట్ వేస్తారు. సంబంధం కుదిరితే "సెట్ అయిపోయిందిరా" అని ఫోన్ వస్తుంది. విశాఖలో ఒక్కరోజులో ఈ ఐదు మాటలూ ఒకే మనిషి చెవిన పడొచ్చు.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు రెండో కూర్పులో సెట్ అనే ఒక్క క్రియకే 430 అర్థాలు ఇచ్చారు. వాటిని వివరించడానికి దాదాపు 60,000 పదాలు పట్టాయి. ఆ నిఘంటువులో అంతకంటే పొడవైన వివరణ మరే మాటకూ లేదు. మూడో కూర్పు పనిలో రన్ అనే మాట 645 అర్థాలతో దాన్ని దాటిందనుకోండి, అది వేరే సంగతి.

ఇంగ్లీష్ నేర్చుకునే మన పిల్లలు ఈ మాట దగ్గర చాలా కష్టపడతారు. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల నుంచి బయటికొచ్చే వాళ్ల నోట్సులు చూస్తే తెలుస్తుంది. సెట్ అంటే అమర్చు, నిర్ణయించు, అస్తమించు, గట్టిపడు, గుంపు అని ఒకదాని కింద ఒకటి రాసి ఉంటుంది. ఆ వరసను బట్టీ పట్టి పరీక్షకు వెళ్తారు, అక్కడ ఆరో అర్థం ఎదురవుతుంది. నా ఉద్దేశంలో బట్టీ పట్టాల్సింది అందులో ఏమీ లేదు. ఈ మాటకు పుట్టుకలు రెండు. ఆ రెండింటినీ విడదీసి చూస్తే, అర్థాల గుంపు తనంతట తానే వరసలోకి వస్తుంది. పైగా ఇది తెలుగువాళ్లకు ఇతరులకంటే సులువు. ఎందుకో చెబుతాను.

మొదటి పుట్టుక కూర్చోవడం నుంచి వచ్చింది. ఇంగ్లీష్‌లో సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. పాత ఇంగ్లీష్‌లో ఇది పద్ధతిగా జరిగేది: పని తానే చేస్తే ఒక రూపం, ఇంకొకరి చేత చేయిస్తే లోపలి అచ్చు (సిట్‌లో ఇ, సెట్‌లో ఎ) మారిన ఇంకో రూపం. ఇప్పటి ఇంగ్లీష్‌లో ఆ పద్ధతి దాదాపు చచ్చిపోయింది. రైజ్‌కి రెయిజ్, లై అంటే పడుకోవడానికి లే, ఇలా కొన్ని జంటలే మిగిలాయి. తెలుగులో అది నిక్షేపంగా బతికే ఉంది. తిరుగుకి తిప్పు, జరుగుకి జరుపు, నిలుచుకి నిలుపు, పెరుగుకి పెంచు. మూడేళ్ల పిల్ల కూడా "నన్ను దింపు" అంటుంది, "నన్ను దిగు" అనదు. సిట్, సెట్ మధ్య ఉన్న తేడా సరిగ్గా అదే.

ఈ ధాతువు యూరప్‌లో ఆగిపోలేదు. సంస్కృతంలో సద్ అంటే కూర్చోవడమే. ఇంగ్లీష్ సిట్, సెట్, సంస్కృత సద్ ఒకే పాత మూలం నుంచి చీలిన కొమ్మలని భాషా శాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. అందరూ కూర్చునే చోటు సదస్సు. గురువు దగ్గర కూర్చుని విన్నది ఉపనిషత్తు. చుట్టూ కూర్చున్న వాళ్ల సభ పరిషత్తు. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం అసలు పేరు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు. అంటే వాల్తేరు మెట్ట మీద ఆ పేరున్న ప్రతి రాతలోనూ సెట్‌కు దగ్గరి చుట్టం ఒకటి ఉంది. సింహాచలం నుంచి ఇంటికి తెచ్చుకునే ప్రసాదం కూడా ఆ వంశమే. బురద నీళ్లు కదలకుండా ఉంటే మట్టి అడుగున కూర్చుని పైన నీరు తేటపడుతుంది. ఆ తేటదనమే ప్రసన్నత. ఆ తేటపడిన మనసుతో దేవుడు చూపే దయ ప్రసాదం. ఆ దయకు గుర్తుగా చేతిలో పెట్టే పులిహోరకూ తర్వాత ఆ పేరే వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఒక వస్తువును దాని చోట కూర్చోబెట్టి, అక్కడ కదలకుండా నిలపడం సెట్. ఇందులో రెండు ముక్కలున్నాయి, చోటు ఒకటి, నిలకడ ఒకటి. ఈ రెండూ గుర్తుంటే చాలా అర్థాలు వాటంతట అవే విప్పుకుంటాయి. గడియారం సెట్ చేయడమంటే ముల్లును సరైన అంకె మీద కూర్చోబెట్టడం. ధర సెట్ చేయడమంటే బేరం ఇక కదలని చోట అంకెను నిలపడం. విరిగిన ఎముకను సెట్ చేయడమంటే ముక్కలను వాటి చోటికి తెచ్చి, కదలకుండా కట్టు కట్టడం. పాటకు సంగీతం సెట్ చేయడమంటే మాటలను స్వరాల మీద కూర్చోబెట్టడం. ప్రశ్నపత్రం సెట్ చేయడం, రికార్డు సెట్ చేయడం, ఉదాహరణ సెట్ చేయడం, అన్నిటిలోనూ ఏదో ఒకటి తన స్థానంలో నిలబడి, తర్వాత వచ్చే వాళ్లకు గుర్తుగా ఉంటుంది.

ఇదే పనికి తెలుగు ఒక్క మాట వాడదు, పనిని బట్టి మాట మారుస్తుంది. అలారం పెడతాం. వల వేస్తాం. ఎముకకు కట్టు కడతాం. బల్ల మీద కంచాలు సర్దుతాం. ధర ఖరారు చేస్తాం. ఇంగ్లీష్ వీటన్నిటికీ సెట్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటుంది. అలాగని తెలుగుకు ఇలాంటి మాట లేదనుకుంటే పొరపాటు. పెట్టు అనే మన క్రియను ఒక్కసారి తల్చుకోండి. అన్నం పెట్టు, బొట్టు పెట్టు, పేరు పెట్టు, ముద్దు పెట్టు, కోడి గుడ్డు పెట్టింది, కొట్టు పెట్టాడు, కేసు పెట్టారు, పరుగు పెట్టింది, భయపెట్టకు, ఈ ఉత్తరం చదివిపెట్టు. ఇంగ్లీష్ నేర్చుకునే మన పిల్లల కష్టమే తెలుగు నేర్చుకునే ఒరియా కుర్రాడికి పెట్టు దగ్గర ఎదురవుతుంది. మనం మాత్రం ఈ అర్థాలను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, లెక్కపెట్టనూ లేదు. సెట్‌ను కూడా ఇంగ్లీష్‌వాళ్ల పిల్లలు అలాగే మోస్తారు.

రెండు భాషలూ ఆశ్చర్యంగా కలిసే చోటు ఒకటుంది. ఉంగరంలో రాయిని బిగించడాన్ని ఇంగ్లీష్‌లో సెట్ అంటారు. కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడాన్నీ సెట్ అనే అంటారు. తెలుగులో ఈ రెంటికీ ఉన్నది ఒకటే మాట, పొదుగు. కోడి గుడ్లు పొదుగుతుంది, కంసాలి బంగారంలో కెంపులు పొదుగుతాడు. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకుండా పెరిగిన రెండు భాషలు కోడినీ, కెంపునూ చూసి ఒకే ఆలోచన చేశాయి. ఇది నాకు ఎప్పటికీ పాతబడని విషయం.

కాలం గడిచే కొద్దీ సెట్‌లో ఒక మార్పు వచ్చింది. కూర్చోబెట్టే మనిషి అవసరం లేకుండా, వస్తువు తనంతట తాను కూర్చున్నా సెట్ అనడం మొదలైంది. సూర్యుడి సంగతి చూడండి. ఇంగ్లీష్‌లో సూర్యుడు సెట్ అవుతాడు, అంటే కిందికి దిగి కూర్చుంటాడు. తెలుగులో పొద్దు గుంకుతుంది, లేదా పడుతుంది. పడమర అనే దిక్కు పేరు ఆ పడడం నుంచే వచ్చింది. విశాఖ సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు నీళ్లలో లేచి, సింహాచలం కొండల వైపు దిగుతాడు. బీచ్‌లో సన్‌సెట్ చూడాలని వచ్చే బయటి ఊళ్ల వాళ్లు వీపు సముద్రం వైపు తిప్పుకోవాలి.

పాలు తోడుకోవడాన్నీ ఇంగ్లీష్‌లో సెట్ అంటారు. వాన విడవకుండా మొదలైతే సెట్ ఇన్ అంటారు, అక్కడ మన మాట ముసురు పట్టడం. ఈ రెండింటిలోనూ నిలకడ అనే ముక్క పైకి తేలింది. అది అన్నిటికంటే బాగా కనిపించేది సిమెంట్‌లో. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

మన ఊళ్లో చాలామంది స్లాబ్ ఎండితే గట్టిపడుతుందనుకుంటారు. అది నిజం కాదు. సిమెంట్ నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది, నీరు ఆవిరైపోయి కాదు. అందుకే సరిగ్గా పోస్తే నీళ్ల అడుగున కూడా అది సెట్ అవుతుంది. ఓడరేవుల్లో గోడలు, దిమ్మలు కట్టగలిగేది ఈ గుణం వల్లనే. అందుకే పోసిన మర్నాటి నుంచి మేస్త్రి నీళ్లు కట్టమంటాడు. ఎండి గట్టిపడే వస్తువైతే నీళ్లు కట్టడం తెలివితక్కువ పని అయ్యేది. ఇక్కడ ఎండు అనే మాట తప్పుదోవ పట్టిస్తుంది, సెట్ అనేదే కరెక్టు.

సెట్ అవడానికీ, బలం రావడానికీ తేడా ఉంది. ఇంజినీర్లు సెట్‌ను కూడా రెండుగా చూస్తారు, తొలి సెట్, తుది సెట్. సెట్ అయ్యే సమయాన్ని కొలిచే వికాట్ పరికరంలో 1 చదరపు మిల్లీమీటరు మొన ఉన్న సూదిని సిమెంట్ ముద్దలోకి దింపుతారు. అది అడుగుకు దాదాపు 5 మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోతే తొలి సెట్ వచ్చినట్టు. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంట్‌కు ఇది 30 నిమిషాలకు ముందు రాకూడదు. కలిపి, మోసి, పోసి, సర్దడానికి మేస్త్రికి ఆ టైమ్ కావాలి. తుది సెట్ 600 నిమిషాలు, అంటే 10 గంటలు దాటకూడదు. ఆ తర్వాత కూడా అసలు బలం నెమ్మదిగా వస్తుంది. డిజైన్‌లో లెక్కలోకి తీసుకునేది 28వ రోజు బలాన్ని. "సెట్ అయిపోయింది కదా" అని మర్నాడే స్లాబ్ కింద సెంట్రింగ్ తీసేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. సెట్ అయిందంటే దాని ఆకారం తన చోట కూర్చుందని మాత్రమే. బరువు మోయడానికి సిద్ధమైందని కాదు.

సిమెంట్‌లో జిప్సమ్ కలపకపోతే, నీళ్లు తగలగానే అది నిమిషాల్లో బిగుసుకుపోతుంది. ఆ తొందరను ఆపేది జిప్సమే. మే నెల ఎండకు సెట్ ఇంకా వేగంగా వస్తుంది. అందుకే రెడీ మిక్స్ లారీల్లో సెట్‌ను ఆలస్యం చేసే మందు కలిపి పంపుతారు. ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చే స్లాగ్ సిమెంట్ తయారీకి వెళ్తుంది. స్లాగ్ సిమెంట్ మొదటి రోజుల్లో నెమ్మదిగా బలపడుతుంది, కాబట్టి దానికి నీళ్లు కట్టడంలో ఓపిక ఎక్కువ కావాలి.

సముద్రం మీద ఇదే మాట ఇంకో రూపం ఎత్తుతుంది. ఓడ నడిపే వాళ్లు ప్రవాహం ఎటు పోతుందో ఆ దిక్కును సెట్ అంటారు, ఎంత వేగంతో పోతుందో దాన్ని డ్రిఫ్ట్ అంటారు. దిశను ఒకవైపు నిలపడం ఇందులోని ఆలోచన. కొత్తవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే గాలికి వచ్చే దిక్కు పేరు పెడతారు, ప్రవాహానికి వెళ్లే దిక్కు పేరు పెడతారు. పడమటి గాలి అంటే పడమర నుంచి వీచేది. పడమటి సెట్ అంటే పడమరకు లాక్కెళ్లేది. మన తీరం వెంట నడిచే ప్రవాహం వేసవికి ముందు ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి మళ్లుతుంది. అంటే విశాఖ దగ్గర ఓడ అధికారి లెక్కలో సెట్ ఏడాదిలో తలకిందులవుతుంది.

సెట్ పక్కన చిన్న మాట చేరినప్పుడు జరిగే పొరపాట్లు ఖరీదైనవి. కోర్టు ఒక ఉత్తర్వును సెట్ అసైడ్ చేసిందంటే, పక్కన పెట్టిందని అనువదించే వాళ్లున్నారు. పక్కన పెట్టడమంటే తర్వాత చూద్దామని వాయిదా వేసినట్టు వినిపిస్తుంది. చట్టంలో అర్థం అది కాదు. ఆ ఉత్తర్వు ఇక చెల్లదు, కోర్టు దాన్ని రద్దు చేసింది. అదే డబ్బు సెట్ అసైడ్ చేశామంటే మాత్రం నిజంగా పక్కన పెట్టి దాచామని. ఉద్యోగం పోయిన మనిషి చేతికి కోర్టు కాగితం వచ్చినప్పుడు ఈ తేడా చిన్నది కాదు. ఆదాయ పన్ను లెక్కలో సెట్ ఆఫ్ అంటే నష్టాన్ని లాభంలో సర్దుకోవడం. ప్రయాణంలో సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం.

సెట్‌బ్యాక్ మాట వైజాగ్‌లో ఇల్లు కట్టుకున్న అందరికీ తెలుసు. ప్లాన్ కోసం వెళ్తే మొదటి ప్రశ్న "సెట్‌బ్యాక్ ఎంత వదిలారు?" అనే. గోడను స్థలం హద్దు నుంచి వెనక్కి కూర్చోబెట్టడం, ఆ వదిలిన ఖాళీ, రెండూ సెట్‌బ్యాకే. వార్తల్లో వచ్చే సెట్‌బ్యాక్ ఎదురుదెబ్బ. ముందుకు పోతున్నదాన్ని వెనక్కి నెట్టి కూర్చోబెట్టడం రెండింటిలోనూ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరికి తెచ్చింది ఆ రెండో అర్థంలోని సెట్‌బ్యాక్.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక పుట్టుక. నగల సెట్, టీ కప్పుల సెట్, గణితంలో సెట్ వేరే పుట్టుక. అవి కూర్చోవడం నుంచి రాలేదు. లాటిన్‌లో వెంట నడవడం అనే అర్థమున్న క్రియ నుంచి సెక్టా అనే మాట పుట్టింది, ఒకరిని అనుసరించే జట్టు అని దానర్థం. అది పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీష్‌లో అడుగుపెట్టేసరికి సెట్‌గా అరిగిపోయి, అప్పటికే ఉన్న సెట్‌తో రూపంలో కలిసిపోయింది. ఒకే ఇంటిపేరున్న రెండు వేర్వేరు కుటుంబాలు ఒకే వీధిలో కాపురం పెట్టినట్టే. పోస్ట్‌మన్ తికమక పడతాడు, కొన్నాళ్లకు ఊరు కూడా వాళ్లను బంధువులనే అనుకుంటుంది. ఆ కలయిక వల్ల అర్థాలు కూడా ఒకదానిలోకి ఒకటి కొంత జారాయి.

ఈ రెండో సెట్‌కూ మన దగ్గర చుట్టముంది. సంస్కృతంలో సచ్ అంటే వెంట ఉండడం. రాజు వెంట ఉండేవాడు సచివుడు. సచివాలయం మెట్లెక్కే ప్రతివాడూ ఈ రెండో సెట్ బంధువు ఇంటికి వెళ్తున్నట్టే. ఒక సెట్ పరిషత్తు వైపు, ఇంకో సెట్ సచివాలయం వైపు. పిల్లలకు ఇలా చెబితే మర్చిపోరు.

నగల సెట్‌లో హారం, కమ్మలు, ఉంగరం ఒకదాని వెంట ఒకటి నడిచే జట్టు. అవి ఒకదానికొకటి కుదరాలి. గణితం ఆ కుదరడాన్ని కూడా వదిలేసింది. జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు గియోర్గ్ కాంటర్ 1870ల నుంచి పెంచిన ఈ భావంలో, ఏ వస్తువులనైనా ఒక్కచోట చేర్చి చూస్తే అదే సెట్. మన పాఠ్య పుస్తకాల్లో దాని పేరు సమితి. డాల్ఫిన్ నోస్ కొండ, ఒక జీడిపప్పు, 7 అనే అంకె, ఈ మూడూ కలిపి నిక్షేపమైన సమితి. వరస మారినా అదే సమితి, జీడిపప్పును రెండుసార్లు రాసినా అదే సమితి. బడి పిల్లలు "ఇవి ఎలా సెట్ అవుతాయి సార్?" అని అడగడంలో తప్పులేదు. వాళ్లు నగల సెట్ మనసులో పెట్టుకుని అడుగుతున్నారు.

రెండు పుట్టుకలూ ఎదురెదురుగా కూర్చునే చోటు కంప్యూటర్. పైథాన్‌లో సెట్ అంటే ఒకే విలువ రెండుసార్లు ఉండని సమూహం, కాంటర్ వారసత్వం. డేటాబేస్‌లో వివరాలు మార్చేటప్పుడు రాసే సెట్ అంటే ఫలానా గడిలో ఫలానా విలువను కూర్చోబెట్టడం. ఒకే ఉద్యోగి ఒకే గంటలో రెండూ టైప్ చేస్తాడు. వాలీబాల్‌లోనూ అంతే, 25 పాయింట్ల సెట్ జట్టు వైపు మాట, సెట్టర్ బంతిని ఎత్తి సరైన చోట నిలపడం కూర్చోబెట్టే వైపు మాట. ఈఏపీసెట్‌లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం నడిపే ఏపీసెట్‌లో వినిపించే సెట్ మాత్రం ఈ రెండిటికీ సంబంధం లేనిది, అవి పరీక్షల పేర్ల పొడి అక్షరాలు.

ఇక తెలుగులో స్థిరపడిన సెట్. దీన్ని ఇంగ్లీష్ అనుకోవడం మానేస్తే మంచిది. అవ్వు, చేయు అనే మన క్రియలను తోడు చేసుకుని ఇది కొత్త బతుకు మొదలుపెట్టింది. "ఆ ఉద్యోగం నాకు సెట్ అవదు" అంటే నప్పదని. "వాడు వైజాగ్‌లో సెట్ అయ్యాడు" అంటే స్థిరపడ్డాడని. "లోపల సెట్టింగ్ ఉంది" అంటే చాటుగా కుదుర్చుకున్న ఒప్పందమని. ఇవి మంచి తెలుగు వాడుకలు, వీటిని తప్పు పట్టను. పిల్లలు వీటిని తిరిగి ఇంగ్లీష్‌లోకి మోసుకెళ్లినప్పుడే ఇంటర్వ్యూలో చిక్కొస్తుంది. నప్పడానికి ఇంగ్లీష్‌లో వాడేది సూట్, స్థిరపడడానికి సెటిల్. "ఐ యామ్ సెట్ ఇన్ వైజాగ్" అంటే అక్కడివాళ్లకు అర్థం కాదు. "సెట్టెడ్" అనే రూపం అసలు లేదు, నిన్న జరిగినా రేపు జరిగేదైనా సెట్ సెట్టే.

అమెరికాకు చదువుకు వెళ్లే పిల్లలకు ఇంకొకటి చెప్పాలి. మనకు "ఆల్ సెట్" అంటే అంతా రెడీ, మొదలుపెట్టొచ్చు అని. అక్కడ హోటల్లో సర్వర్ వచ్చి "ఆల్ సెట్?" అని అడిగితే, తినడం అయిందా, ఇంకేమైనా కావాలా అని అడుగుతున్నట్టు. ఇంకా ఆకలిగా ఉన్న మన కుర్రాడు రెడీ అనే ఉద్దేశంతో "యెస్, ఆల్ సెట్" అంటాడు. సర్వర్ బిల్లు తెచ్చి బల్ల మీద పెడతాడు. ఇంకా తినాలనుకుంటే "నాట్ యెట్" అంటే సరిపోతుంది.